రెండో స్లాట్

కొలతల గది
సోమవారం, భోజనాల వేళ

మావయ్యా,

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు సగం విని, మిగతా సగం నాకే చెప్తావు. కాగితమైతే నోరు మూసుకుని చివరిదాకా చదవాలి. చిన్నప్పుడు ఈ ఉత్తరాల అలవాటు చేసింది నువ్వే కాబట్టి అనుభవించు.

సంగతి ఏమిటంటే, ఈ వారంలో నీకొక పెట్టె వస్తుంది. ప్రాసెసర్‌ని హద్దు దాటించి పరిగెత్తించే మీ ఓవర్‌క్లాకింగ్ జనం కోసమనే మా కంపెనీ మొదటిసారి తయారుచేసిన మదర్‌బోర్డు అందులో ఉంటుంది. షాపుల్లోకి రాకముందే నీలాంటి వాళ్లు కొందరికి పంపి, 'మొదటి చూపు' వీడియోలు చేయించాలని మా ప్రచారం వాళ్ల ఆలోచన. నీ పేరు నేను ఎత్తలేదు, ఒట్టు. "ఫ్రిజ్ మాస్టారు చెప్తే తప్ప ఈ జనం కొనరు" అని, వీడియోల్లో నీకున్న పేరుతోనే, వాళ్లే అనుకున్నారు. నేను తల వంచుకుని టీ తాగాను.

నువ్వు నాకు మావయ్యవని ఇక్కడ ఎవరికీ తెలియదు. నువ్వూ ఎక్కడా అనకు. అంటే, నువ్వు మెచ్చుకున్న ప్రతి మాటా నా కోసం మెచ్చుకున్నట్టే అవుతుంది.

ఎందుకంటే ఆ బోర్డు మీద ప్రాసెసర్ నుంచి ర్యామ్ దాకా వెళ్లే రాగి గీతలన్నీ నావి. "మా అమ్మాయి ఆఫీసులో గీతలు గీస్తుంది" అని అమ్మ అందరికీ చెప్తుంది కదా, అవే. అన్నీ ఒకే పొడుగు ఉండాలి, లేకపోతే ఒక సంకేతం ముందు, ఒకటి వెనక వచ్చి గందరగోళం అవుతుంది. అందుకని దగ్గరి దారి ఉన్న గీతల్ని మెలికలు తిప్పి మరీ ఆలస్యం చేయించాను. "ప్రాసెసర్ సాకెట్ చుట్టూ జాగా వదలరేం, చల్లటి నైట్రోజన్ పోసే నా రాగి గిన్నె నా నెత్తి మీద పెట్టుకోనా?" అని నువ్వు ప్రతి బోర్డునీ తిట్టేవాడివి. ఈసారి జాగా వదిలాను. ఆ జాగా కోసం ర్యామ్ రెండో స్లాట్‌కి వెళ్లే గీతల్ని ఒక మూలలో కాస్త దగ్గరగా జరపాల్సి వచ్చింది. కొలిచాను, బాగానే ఉన్నాయి. మా చలిపెట్టెలో పెట్టి కూడా కొలిచాను.

ఇది నెగ్గితే వచ్చే బోర్డు మొత్తం నా చేతికిస్తానని మా పెద్దాయన అన్నారు. గీతలు ఒక్కటే కాదు, బోర్డంతా. అమ్మకి ఇంకా చెప్పలేదు. చెప్తే ఊరంతా తెలుస్తుంది.

నన్ను చూసి వదిలెయ్యకు. అందులో ఏముంటే అది చెప్పు.

నీ
అమ్మడు


షాపు మీది గది
శుక్రవారం

అమ్మడూ,

ఇక్కడ నేనూ, నా ఫ్యాన్లూ, బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ మొహం చూపించని జనాల కంప్యూటర్లూ అందరం కులాసా.

పెట్టె వచ్చింది. కింద షాపు తలుపు మూసి, మెట్లెక్కి పైకి తెచ్చుకుని, చేతులు కడుక్కుని మరీ విప్పాను. నవ్వకు. నల్లటి బోర్డు, ఎక్కడా అద్దాలూ రంగుదీపాలూ లేవు. సంతోషం. ర్యామ్‌కి నాలుగు స్లాట్ల బదులు రెండే. ఇంకా సంతోషం, ఎక్కువ వేగం కావాలంటే గీత ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదని మీవాళ్లకి తెలిసిందన్నమాట. అంచున వోల్టేజి చూసుకోవడానికి వరసగా చుక్కలు పెట్టారు, మీటరు ముల్లు ఆనిస్తే చాలు. బోర్డు మీదే ఆన్ చేసే మీట, చలికి మొరాయిస్తే మళ్లీ మొదలుపెట్టే మీట. ఇవన్నీ మన బాధలు తెలిసిన మనిషి పెట్టించినవే.

తర్వాత బోర్డుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని నీ గీతలు చూశాను. చాలాసేపు చూశాను. అక్క చెప్పింది నిజమే, నువ్వు గీతలు గీస్తావు. కానీ ఇంత బాగా గీస్తావని అక్కకేం తెలుసు? నాకే ఇవాళ తెలిసింది. నా బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని సోల్డరింగ్ పొగకి తుమ్మిన పిల్లవి నువ్వేనా అనిపించింది.

అలాగని పొంగిపోకు. ఆదివారం పొద్దున్న కెమెరా ముందు లిక్విడ్ నైట్రోజన్ పోస్తాను. కంపెనీ చెప్పిన వేగంతో ప్రాసెసర్ ఎవడి ఇంట్లోనైనా నడుస్తుంది. దాన్ని గడ్డకట్టించి, చెప్పినదానికి రెట్టింపుకి దగ్గరగా పరిగెత్తించినప్పుడు కదా బోర్డు బండారం బయటపడేది. ఎప్పటిలాగే సాకెట్‌లో వ్యాజిలిన్ రాసి, చుట్టూ మెత్తటి రబ్బరు అద్దుతాను, ఆ బొమ్మలేసేవాళ్లు పిసికి పిసికి వాడతారే, అది. మంచు కరిగి తడి లోపలికి దిగకుండా అదే నా గొడుగు.

మావయ్యనని నేనెందుకు చెప్తాను? నువ్వు అడక్కపోయినా చెప్పను. మొహమాటం అనేది నా షాపులో దొరకదు.

మావయ్య


షాపు మీది గది
ఆదివారం సాయంత్రం

అమ్మడూ,

వీడియో నువ్వు చూసేలోగా ఇది అందదు. అయినా రాస్తున్నాను.

ప్రాసెసర్ అద్భుతంగా పరిగెత్తింది. వోల్టేజి ఇసుమంత కూడా కదల్లేదు. కానీ చలి బాగా దిగాక రెండో స్లాట్‌లో ర్యామ్ కనిపించకుండా పోయింది. వేడెక్కనిస్తే వచ్చింది. మళ్లీ చల్లబరిస్తే మళ్లీ పోయింది. ర్యామ్ మార్చి చూశాను, అదే వరస. నువ్వు గీతలు దగ్గరగా జరిపానన్న స్లాటే.

ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆపేసి ఇంకోరోజు చూద్దామా అనుకున్నాను. వెంటనే, నా మేనకోడలి బోర్డు కాకపోతే ఆపేవాడినా అని నన్ను నేనే అడిగాను. అందుకే ఆపలేదు. "రెండో స్లాట్ గీతల్లో లోపం ఉంది, చలికి తట్టుకోలేదు, ఇది ఇంకా బజారుకి సిద్ధం కాలేదు" అని కెమెరా మొహం మీదే చెప్పాను. మనసు చివుక్కుమంది. కానీ నువ్వు అడిగింది ఇదే కదా. నువ్వు బాధపడినా, రేపు ఆలోచిస్తే నన్ను మెచ్చుకుంటావు.

మావయ్య


క్యాంటీన్, మూల బల్ల
బుధవారం

మావయ్యా,

నీ వీడియో మీటింగు గదిలో పెద్ద తెర మీద అందరం కలిసి చూశాం. తలుపు దగ్గర కూడా మనుషులు నిలబడ్డారు. నువ్వు "గీతల్లో లోపం ఉంది" అన్నప్పుడు ఎవరూ నా వైపు తిరగలేదు. తిరిగితే బాగుండేది. అందరూ చాలా మర్యాదగా తెర వైపే చూస్తూ ఉండిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పెద్దాయన "ఏమంటావమ్మా?" అని అడిగారు. నా కొలతల ప్రకారం లోపం లేదు. ఆ కాగితాలు నా ఒళ్లోనే ఉన్నాయి. కానీ మా చలిపెట్టె నీ నైట్రోజన్ అంత చలికి దిగదు. పైగా అన్నది నువ్వు. ఇరవై రకాల బోర్డుల రోగాలు చేత్తో తడిమి చెప్పిన మనిషివి. నీ చేతులు ఒకటి చెప్తే, నా మీటరు ఇంకోటి చెప్తే, నేను దేన్ని నమ్మాలి? లేచి నిలబడి "లోపం నాదేనండీ, మూలలో గీతలు మరీ దగ్గరగా జరిపాను" అన్నాను.

ఆయన తిట్టలేదు. "సరే, బజారులోకి వదలడం ఆపండి" అని పక్కవాళ్లతో అన్నారు, అంతే. అప్పటినుంచి లిఫ్టులో నేనుంటే జనం అకస్మాత్తుగా ఫోన్లు చూసుకుంటున్నారు. నా పక్క బల్ల ఆవిడ మటుకు "పోన్లే, ఎవరికైనా జరుగుతుంది" అంది. ఆ మాటకి ఏడుపొచ్చి చేతులు కడుక్కునే గదిలోకి పోయాను.

నీ మీద కోపం లేదు. నిజంగా లేదు. నువ్వు అలా చెప్పబట్టే కదా కొన్నవాళ్లందరి చేతా తిట్లు తినకముందే తెలిసింది. సిగ్గేస్తోంది, అంతే. నీ దగ్గర నేర్చుకుని నీకే ఇలాంటిది పంపానని.

ఒక్క సాయం చెయ్యి. ఆ బోర్డు నాకు పంపు. తుడవకు, ఏమీ చెయ్యకు, ఎలా ఉన్నది అలాగే పంపు. ర్యామ్ కూడా తియ్యకు. లోపం ఎక్కడుందో నా కళ్లతో చూడాలి.

అమ్మడు


షాపు మీది గది
మంగళవారం

అమ్మడూ,

జవాబు ఆలస్యమైంది. షాపులో పని ఊపిరి సలపనివ్వడం లేదు. ఒకాయన కీబోర్డు మీద కాఫీ పోసుకొచ్చి, తనకేం తెలియదంటాడు. కంప్యూటరే తాగి ఉండాలి.

బోర్డు పంపించాను. ర్యామ్ తియ్యాల్సి వచ్చింది, లేకపోతే పెట్టెలో పట్టలేదు. వ్యాజిలినూ రబ్బరూ జిడ్డు జిడ్డుగా ఉంటే అలా పంపడం బాగుండదని కొంచెం తుడిచాను. నువ్వు వద్దన్నావు, తెలుసు. చెయ్యి ఊరుకోలేదు.

ఒక మాట. నీ గీతలు తొందరపడి మార్చకు. ఇంకోసారి కొలిచి చూడు. వీలైతే వేరే బోర్డులు తీసుకుని, నైట్రోజన్ పోసి చూడు. ఒక్క బోర్డుని చూసి ఏదీ తేల్చకూడదు. అది నేను వీడియోలో చెప్పాల్సింది. చెప్పలేదు.

అన్నం సరిగా తినడం లేదని అక్క ఫోన్ చేసింది. తిను. ఇంత చిన్న విషయానికి అంత ఇదైపోతే ఎలా?

ఇక్కడ ఉక్కపోతగా ఉంది. రాయడానికి ఇంకేం లేదు.

మావయ్య


కొలతల గది పక్క వరండా
గురువారం

మావయ్యా,

బోర్డు అందింది. కొంచెం తుడిచాను అన్నావు. అమ్మకి చూపిస్తే ఇంట్లో గిన్నెలు తోమడం నీకు అప్పజెప్పేది. సాకెట్ సందుల్లో కూడా చుక్క జిడ్డు లేదు. అంత తళతళ మెరుస్తోంది.

పనిచేస్తోంది. అన్నివిధాలా చూశాను. చలిపెట్టెలో పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. రెండో స్లాట్ ఒక్కసారి కూడా పోలేదు. సంతోషపడాలి కదా? పరిస్థితి ఇంకా దిగజారింది. ఎప్పుడూ ఉండే లోపాన్ని పట్టుకోవచ్చు, ఉండీ ఉండనట్టుండే లోపాన్ని ఎవరు నమ్ముతారు? "ఇది మరీ ప్రమాదం, గీతలన్నీ మళ్లీ గియ్యాల్సిందే" అన్నారు పెద్దాయన. గియ్యడం నేనే. కానీ నా పైన ఇంకొకాయన్ని పెట్టారు. వచ్చే బోర్డు కూడా ఆయనకే. ఆ మాట నాకు విడిగా పిలిచి చెప్పారు, ఎంతో మెత్తగా. నేను "థ్యాంక్స్ అండీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

కొత్త గీతల కోసం నువ్వెప్పుడూ అడిగే ఆ జాగా తగ్గించేస్తున్నాం.

మావయ్యా, అడగకూడదేమో, అయినా అడుగుతున్నాను. ఆ ఆదివారం ఏమైనా వేరేగా జరిగిందా? ర్యామ్ పెట్టేటప్పుడు గానీ, రబ్బరు అద్దేటప్పుడు గానీ? నీ మీద అనుమానం కాదు. ఏ మూలా దొరక్క అడుగుతున్నాను. అడిగినందుకు ఏమీ అనుకోకు. నిన్ను అడుగుతుంటే నాకే సిగ్గుగా ఉంది.

అమ్మడు


షాపు మీది గది
ఆదివారం

అమ్మడూ,

"నిన్ను అడుగుతుంటే నాకే సిగ్గుగా ఉంది" అని నువ్వు రాసిన ముక్క దగ్గర ఆగిపోయాను. కాగితం బల్ల మీద పెట్టి, కిందికి పోయి షాపు ఊడ్చి, మళ్లీ పైకొచ్చి చదివాను. అదే ఉంది.

జరిగింది. రాస్తాను, చదువు.

తుడవకుండా, ర్యామ్ తియ్యకుండా పంపమని నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజే బోర్డు ముందేసుకున్నాను. పెట్టెలో పట్టలేదన్నది అబద్ధం. బాగానే పట్టేది. పంపేముందు నేనే ఒకసారి చూద్దామని రెండో స్లాట్‌లో ర్యామ్ లాగాను. స్లాట్ అడుగున ఆవగింజంత రబ్బరు నలుసు ఉంది. సాకెట్ చుట్టూ అద్దేటప్పుడు నా వేళ్ల నుంచి రాలింది. మామూలు వేడిలో మెత్తగా ఓ పక్కకి ఒదిగి ఊరుకుంది. చలికి రాయిలా బిగిసి, ర్యామ్ పళ్లని పైకెత్తింది. అందుకే చలిలో పోవడం, వేడికి రావడం. ర్యామ్ మార్చినప్పుడు కూడా నేను లోపలికి తొంగిచూడలేదు. నా పిచ్చి నాది. ఎప్పుడూ చూసేవాడిని. ఆ రోజు మటుకు కెమెరా తిరుగుతోంది, నేను మొహమాటం లేని మనిషినని చూపించుకోవాలి, మేనకోడలి తప్పు దొరికింది, దాన్ని దాచకుండా చెప్పేశానన్న గొప్ప కావాలి. నీ గీతలు దగ్గరగా జరిపానని నువ్వే చెప్పావు కదా, ఇంక వెతకడం ఎందుకు అనుకున్నాను. నిజాయితీ పేరు చెప్పి నిన్ను నలుగురిలో నిలబెట్టింది నా గర్వం.

నలుసు కనపడ్డాక ఏం చెయ్యాలి? దాన్ని కదపకుండా ఫోటో తీసి, నీకు పంపి, మళ్లీ వీడియో పెట్టాలి. నేనేం చేశానో తెలుసా? ఊదాను. గట్టిగా ఊదాను. తర్వాత బ్రష్షుతో, స్పిరిటుతో సందు సందూ కడిగాను. చేతులు వాటంతటవే కడిగాయి అని రాస్తే అబద్ధం. తెలిసే కడిగాను. "ఫ్రిజ్ మాస్టారుకి రబ్బరు అద్దడం రాదట" అని జనం నవ్వుతారని కడిగాను. నిన్న మొన్న మొదలుపెట్టిన వాళ్లు చేసే పొరపాటు అది. ఒక్క వారం ఆగితే నువ్వే కొలిచి, లోపం లేదని తేల్చి, అంతా సద్దుమణుగుతుందని నాకు నేను చెప్పుకున్నాను. "ఇంత చిన్న విషయానికి" అని నీకు రాశాను. ఆ మాట రాసిన చేతిని ఏం చెయ్యాలి?

మీ పెద్దాయనకి కూడా ఉత్తరం రాశాను, ఇదే విషయం, ఏదీ దాచకుండా. నేను నీకు మేనమామనని కూడా రాశాను. ఇంక దాచేది ఏదీ ఉండకూడదనుకున్నాను.

నన్ను క్షమించమని రాయడానికి మొహం చెల్లడం లేదు.

మావయ్య


ఇంటి నుంచి
శనివారం

మావయ్యా,

నీ ఉత్తరం పెద్దాయన నాకు చదివి వినిపించారు. చదివి, మడిచి, "మీ మావయ్య మంచి మనిషమ్మా, నీ కోసం తన పేరు పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు" అన్నారు.

అర్థమైందా? నమ్మలేదు. ఒక్క ముక్క కూడా నమ్మలేదు. నలుసు ఏదీ అంటే లేదు. బోర్డు ఏదీ అంటే కడిగిన గిన్నెలా ఉంది. ఉన్నదల్లా, మేనకోడలి ఉద్యోగం కోసం తప్పు మీదేసుకుంటున్న మేనమామ. నలుసుతో సహా ఆ రోజే పంపి ఉంటే నువ్వెవరివో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు చెప్తే నువ్వు నా మావయ్యవి.

పైగా చుట్టరికం ఎందుకు దాచావని అడిగారు. ఏం చెప్పను? పక్షపాతం అంటారని దాచానంటే, అదే కదా ఇది అన్నారు. నా పైన ఉన్నాయన కిటికీలోంచి బయటికి చూశాడు. ముందు పని రాని మనిషినయ్యాను, ఇప్పుడు నమ్మదగని మనిషిని కూడా అయ్యాను.

నేను నా మీటరుని కాదని నీ చేతుల్ని నమ్మాను. అందరి ముందూ లేచి నిలబడి నమ్మాను. నువ్వు ఊదేశావు.

అమ్మకి చెప్పాను. ఉల్లిపాయలు తరుగుతూ తరుగుతూ ఆపేసింది.

దయచేసి ఇంక నాకు ఏ సాయమూ చెయ్యకు. ఉత్తరం కూడా రాయకు.


షాపు మీది గది
తేదీ వెయ్యలేదు, వేస్తే నువ్వు ఎన్నాళ్లకు రాశానో లెక్కపెడతావు

అమ్మడూ,

రాయకన్నావు. ఇది సాయం కాదు, కబురు. వేరేవాళ్ల నోట వినకూడదని రాస్తున్నాను.

వీడియో పెట్టాను. నా పాత బోర్డు ఒకటి తీసుకుని, స్లాట్‌లో రబ్బరు నలుసు వేసి, నైట్రోజన్ పోసి, ర్యామ్ ఎలా పోతుందో చూపించాను. కడిగేశానని కూడా చెప్పాను. చాలామంది నమ్మారు, నవ్వారు. ఈ నవ్వుకా అంత భయపడ్డాను అనిపించింది, పెద్ద నొప్పేం లేదు. కొందరు మటుకు "ఎంత ముట్టింది మాస్టారూ?" అని రాశారు. ఇంకో కంపెనీ వాళ్లు పంపుతామన్న బోర్డు పంపలేదు. పంపకూడదు కూడా.

అక్క ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తకపోయినా రోజూ చేస్తున్నాను. మోగితే, నేను చేస్తున్నానని తనకి తెలుస్తుంది కదా.

దీనికి జవాబు రాయనక్కర్లేదు.

మావయ్య


కొలతల గది వెనక షెడ్డు
శుక్రవారం

మావయ్యా,

చాలా రోజులైంది. కోపం పోయిందని కాదు. చెప్పాల్సింది ఉంది.

కొత్త గీతల బోర్డులు తయారై వచ్చాయి. వాటిని బజారుకి వదలబోతున్నారు. నా పైన ఉన్నాయన దగ్గరికి పోయి, "పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి నైట్రోజన్ పోసి చూద్దామండీ, నేనే పోస్తాను" అన్నాను. "మళ్లీ అదేనా?" అన్నాడు. మళ్లీ అదే అన్నాను. ముందెప్పుడూ అలా ఎదురు చెప్పలేదు. పెద్దాయన విని, ఒకే ఒక్క రోజు ఇచ్చారు. ఈ షెడ్డూ, ఒక ట్యాంకూ ఇప్పించారు.

పాత బోర్డులు డబ్బాలోంచి ఎవరు తీశారో తెలుసా? పక్క బల్ల ఆవిడ. కళ్లు మూసుకుని తీసింది, నేను ఏరుకున్నానని ఎవరూ అనకుండా. రబ్బరు నేనే అద్దాను. నా వేళ్ల నుంచి కూడా నలుసులు రాలాయి మావయ్యా. చూస్తూ చూస్తూనే రాలాయి. ర్యామ్ పెట్టేముందు ప్రతిసారీ టార్చి వేసి స్లాట్ లోపలికి చూశాను. ఎందుకలా అని ఆవిడ అడిగితే ఇంకోసారి చూశాను.

పాత గీతలు ఒక్కచోట కూడా తప్పలేదు. నైట్రోజన్ అడుగంటేదాకా పోసినా రెండో స్లాట్ అలాగే నిలబడింది. తప్పింది కొత్త గీతల బోర్డు. జాగా తగ్గించాం కదా, మంచు కరిగిన తడి అటు దిగింది. పెద్దాయన మళ్లీ రెండుసార్లు చేయించి చూశారు. తర్వాత "పాతదే వదలండి" అన్నారు. చెమటా మంచూ కలిసి నా జుట్టంతా తడిసిపోయింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, మళ్లీ ఆపేశారు.

వచ్చే బోర్డు నాకు ఇవ్వలేదు. ఆయనకి ఒకసారి ఇచ్చినది వెనక్కి తీసుకోరట. ఆ మాట విని ఈసారి థ్యాంక్స్ అనలేదు.

నా సిగ్గు ఇప్పుడు వేరే. నీది కాదు. నా కొలతలు ఒళ్లో పెట్టుకుని, అవి తప్పని లేచి నిలబడి చెప్పానే, అది. నువ్వు ఊదకపోయినా ఆ పని నేను చేసినదే.

ఇంకో విషయం. దాచితే బాగుండదు. బోర్డు మళ్లీ వస్తోంది కాబట్టి 'మొదటి చూపు'కి ఎవరెవరికి పంపుదామని ప్రచారం వాళ్లు నన్నే అడిగారు. కొన్ని పేర్లు చెప్పాను. నీ పేరు చెప్పలేదు. చెప్దామని నోరు తెరిచాను కూడా. చెప్పలేకపోయాను.

అమ్మడు


షాపు మీది గది
సోమవారం

అమ్మడూ,

చెప్పకపోవడమే సరైంది. నేను నీ కుర్చీలో ఉన్నా చెప్పేవాడిని కాదు. చదివినప్పుడు మొహం కందిపోయింది, ఎవరూ లేని గదిలో కూడా తల దించుకున్నాను. ఆ పక్కనే, నువ్వు ఇంక ఎవరి చేతుల్నీ చూసి నమ్మవని తెలిసి గర్వంగా కూడా ఉంది. గర్వపడే హక్కు నాకు లేదని నువ్వంటావు. అను.

నిన్న అక్క ఫోన్ ఎత్తింది. "అన్నం తిన్నావా?" అంది.

మీ బోర్డు షాపుల్లోకి వచ్చిన రోజు పొద్దున్నే వెళ్లి, వరసలో నిలబడి, అందరిలా కొన్నాను. నా వెనక నిలబడ్డ పిల్లలు నన్ను గుర్తుపట్టి గుసగుసలాడుకున్నారు. పెట్టె నా బల్ల మీద ఉంది. విప్పలేదు. కెమెరా మూటకట్టి బీరువా మీద పెట్టాను.

నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా. రాకపోయినా సరే, అది అక్కడే ఉంటుంది. వస్తే మటుకు, విప్పడం నువ్వే, రబ్బరు అద్దడం నువ్వే, ర్యామ్ పెట్టడం కూడా నువ్వే. నేను పక్కన నిలబడి టార్చి పట్టుకుంటాను.

మావయ్య